కొండను పక్కకు జరపగలరా?

నాగార్జునసాగర్ నిండకముందే లోయలోని విజయపురి శిథిలాల్లో ముఖ్యమైనవాటిని విప్పి, పక్కనున్న కొండ మీద తిరిగి నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపంగా మిగిలింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా తెచ్చి ఆలంపురంలో కట్టారు. రాళ్లకు గుర్తులు వేసి, వరస తప్పకుండా మళ్లీ పేరిస్తే గుడి గుడిగానే నిలిచింది.

ఈ సంగతులు తెలిసిన వాళ్లకు ఒక సందేహం రావడం సహజం. ఎక్కడో ఆదివాసులు “ఈ కొండ మా దేవుడు, తవ్వనివ్వం” అంటే, ఆ దేవుడికి మరోచోట మంచి గుడి కట్టిస్తే సరిపోదా? అల్యూమినియం గిన్నె లేని ఇల్లు లేదు, ఇనుము లేని కట్టడం లేదు. గుళ్లే కదిలాయి, కొండ దేవుడు ఎందుకు కదలడు?

ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే ముందు ఒక కొండ నెత్తిన ఏముందో, దాని వాగుల్లోకి నీరు ఎలా వస్తుందో, కొమ్మ విరవని అడవిలో ఏం జరుగుతుందో చూడాలి. ఆ తర్వాత, ఇలాంటి చోటు విషయంలో చివరి మాట ఎవరిదో తేల్చుకోవాలి.

నియమగిరి నెత్తిన ఏముంది

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల మధ్య సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న కొండల వరస నియమగిరి. ఆ కొండల్లో డోంగ్రియా కోందులు ఉంటారు. వాళ్ల జనాభా దాదాపు 8 వేలు. వాళ్ల భాష కువి మనకు పరాయిదేమీ కాదు. తెలుగు, గోండి, కుయి, కువి ఒకే శాఖలోని ద్రావిడ భాషలని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు.

వాళ్ల దేవుడు నియమరాజు. ఎక్కడ సాగు చేసుకోవాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కట్టడి చేసింది ఆయనేనని వాళ్ల నమ్మకం. కొండవాలు మీద చిరుధాన్యాలు, పప్పు గింజలు, అల్లం, పసుపు, అనాస, అరటి పండిస్తారు. శిఖరం మాత్రం నియమరాజుది. అక్కడ చెట్టు కొట్టరు, పోడు నరకరు.

ఆ శిఖరంలోనే 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉంది. అల్యూమినియం తీసేది ఈ ముడిరాయి నుంచే. సుమారు నాలుగు టన్నుల బాక్సైట్‌ను శుద్ధి చేస్తే రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. కొండ కిందనున్న లాంజిగఢ్‌లో వేదాంత సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారాన్ని కట్టింది. కొండను తవ్వి దానికి ముడిరాయి అందించేందుకు ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌తో ఒప్పందం కుదిరింది. అందుకోసం 660 హెక్టార్ల అటవీ భూమి అడిగారు.

బాక్సైట్ శిఖరం మీదనే ఎందుకుంది? తూర్పు కనుమల్లో చాలా కొండలు ఖోండలైట్ అనే రాతితో ఏర్పడ్డాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతికి కోందుల పేరే పెట్టారు. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండల్లోనూ ఈ రాయే కనిపిస్తుంది, కోణార్క ఆలయం కట్టిందీ దీనితోనే. లక్షల ఏళ్లు వానలో నానితే ఈ రాతిలోని కరిగే పదార్థాలు ఒక్కొక్కటీ నీటితో వెళ్లిపోతాయి. చివరికి సిలికా కూడా చాలావరకు పోతుంది. కరగని అల్యూమినియం, ఇనుము ఆక్సైడ్లు అక్కడే మిగులుతాయి. ఈ మార్పు జరగాలంటే నీరు నిలిచి లోపలికి ఇంకాలి. నిటారు వాలు మీద నీరు ఆగదు. బల్లపరుపుగా ఉన్న కొండ నెత్తిన ఆగుతుంది. అందుకే తూర్పు కనుమల బాక్సైట్ కొండల పైభాగాన పొరగా పరుచుకుని ఉంటుంది.

నియమరాజు చెయ్యి పెట్టవద్దన్న చోటూ, గని యజమాని కోరుకున్న చోటూ ఒక్కటే కావడానికి కారణం ఇది.

వేసవిలోనూ ఆరని వాగు

రాతిలోంచి కరిగిపోయిన పదార్థాల చోట సన్నని ఖాళీలు మిగులుతాయి. బాక్సైట్ పొర నిండా ఇలాంటి ఖాళీలే. వాన పడితే నీరు వాటిలోకి దిగుతుంది. పొర కింద సగం మారిన రాయి, బంకమట్టి ఉంటాయి. వాటిని దాటి నీరు వేగంగా కిందికి పోలేదు. పక్కలకు జరిగి, కొండ అంచుల్లో ఊటగా బయటికి వస్తుంది.

ఎండాకాలంలో ఒక బండ మీద కడివెడు నీళ్లు గుమ్మరిస్తే జర్రున జారిపోతాయి, కాసేపటికి బండ ఆరిపోతుంది. అదే బండ మీద గోనెసంచిని నాలుగు మడతలు వేసి పరిచి నీళ్లు పోస్తే జరిగేది వేరు. సంచి ముందు తడిసి బరువెక్కుతుంది. తర్వాత అంచుల నుంచి చుక్క చుక్కగా చాలాసేపు కారుతుంది. రెండుసార్లూ పోసింది ఒకే కడివెడు నీళ్లు. సంచి వల్ల నీళ్లు పెరగలేదు, అవి దొరికే సమయం పెరిగింది. కొండ నెత్తినున్న పొర చేసే పని కూడా ఇదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిన వాన ఒక్కసారిగా వరదై పోకుండా, నెలల తరబడి ఊటల్లో దొరికేలా చేస్తుంది. పై పొర పోతే వానలు తగ్గకపోవచ్చు. కానీ జులైలో వరద, ఏప్రిల్‌లో ఎండిన వాగు మిగులుతాయన్నది ఆ కొండ కింద బతికేవాళ్ల భయం.

ఆ భయం శ్రీకాకుళం జిల్లాకూ సంబంధించిందే. వంశధార పుట్టేది ఈ నియమగిరి, లాంజిగఢ్ ప్రాంతపు కొండల్లోనే. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి పొలాలకు మళ్లేదీ, కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలిసేదీ ఆ నీరే.

తవ్వకం వల్ల ఊటలు ఎంత తగ్గుతాయన్న విషయంలో నిపుణులంతా ఒక్క మాట మీద లేరు. తవ్వితే కింది రాతిలో పగుళ్లు ఏర్పడి నీరు ఇంకా బాగా ఇంకుతుందని గనుల తరఫున వాదన వచ్చింది. మరోవైపు, ఇక్కడ తవ్వకానికి అనుమతి ఇవ్వవద్దని 2005లో సుప్రీంకోర్టుకు సహాయంగా పనిచేసే కేంద్ర సాధికార కమిటీ సిఫారసు చేసింది. 2006లో భారత వన్యప్రాణి సంస్థ ఆ కొండల నీటి తీరుకూ వన్యప్రాణుల ఆవాసానికీ ముప్పు ఉందని హెచ్చరించింది. ఏనుగులు తిరిగే అడవి అది. తిరుమల కొండల్లో కనిపించే బంగారు బల్లి అక్కడా ఉంది.

లెక్కల్లో తేడాలు ఎన్ని ఉన్నా ఒక విషయంలో సందేహం లేదు. తవ్విన గోతిలో మట్టి పోసి మొక్కలు నాటవచ్చు. లక్షల ఏళ్ల వాన రాతిలో చేసిన సన్నని ఖాళీలను మాత్రం ఏ యంత్రమూ తిరిగి అమర్చలేదు. సంగమేశ్వరాలయం కదిలింది గనక నియమరాజూ కదలవచ్చు కదా అన్న వాదన ఇక్కడే ఆగిపోతుంది. గుడికి రాళ్లూ వాటి వరసా ఉంటే చాలు. కొండకు తన చోటే ప్రాణం. అదే ఎత్తు, అదే పొర, అదే వాన, ఆ అంచుల్లోంచి పుట్టే అవే వాగులు కావాలి.

కొమ్మ విరవని అడవి

కొండ శిఖరాలే కాదు, ఊరి పక్క చిన్న తోపులు కూడా దేవుడి పేర మిగిలాయి. మేఘాలయలో షిల్లాంగ్‌కు దగ్గరలోని మావ్‌ఫ్లాంగ్‌లో ఖాసీల దేవుడి అడవి ఉంది. 75 హెక్టార్లకు అటూ ఇటూగా ఉండే ఆ అడవి నుంచి ఎండుటాకు కూడా బయటికి తీసుకుపోకూడదన్నది అక్కడి కట్టుబాటు. లింగ్డో వంశంవాళ్లు తరతరాలుగా దాని పూజారులు. అదే ఖాసీ కొండల్లో, ప్రపంచంలోనే అత్యధిక వర్షం పడే చోట్లలో ఒకటైన చిరపుంజి చుట్టూ చాలా భాగం బోడి గడ్డిమైదానంగా మారింది. అక్కడ చలికాలం వచ్చేసరికి నీళ్లకు కటకట. రెండు చోట్లా వాన సమృద్ధిగానే పడుతుంది. ఒకచోట మట్టినీ వేళ్లనూ కట్టుబాటు కాపాడింది, ఇంకోచోట అవి పోయాయి.

ఒక అడవిలో తరతరాలుగా ఏదీ తియ్యకపోతే ఏం జరుగుతుంది? మామూలు అడవిలో మంచి కలప చెట్టు ముందు పోతుంది, ఎండిన మాను వంటచెరుకవుతుంది. దేవుడి తోపులో ముసలి చెట్టు నిలబడే చస్తుంది, పడినచోటే కుళ్లుతుంది. దాని తొర్రల్లో పక్షులు గూళ్లు పెడతాయి. కుళ్లే మాను మీద పుట్టగొడుగులు, పురుగులు, నాచులు బతుకుతాయి. కింద మందంగా పేరుకున్న ఆకుల పొర వాన దెబ్బను మట్టికి తగలనివ్వదు. పెద్ద చెట్ల గింజలను పక్షులూ గబ్బిలాలూ చుట్టుపక్కలకు మోసుకుపోతాయి. అంటే ఆ తోపు తానొక్కటే బతకడం కాదు, పక్కన పాడైన అడవి మళ్లీ మొలవడానికి విత్తనాన్ని కూడా ఇస్తుంది.

ఈ విషయాన్ని మన దేశంలో శాస్త్రీయంగా మొదట గట్టిగా చెప్పినవాళ్లలో మాధవ్ గాడ్గిల్, వి.డి. వర్తక్ ముఖ్యులు. 1970లలో వాళ్లు పశ్చిమ కనుమల్లోని దేవుడి తోపులను తిరిగి చూసి, చుట్టూ అడవి పోయినా అక్కడ మాత్రం అరుదైన చెట్లు మిగలడాన్ని నమోదు చేశారు. కర్ణాటకలోని కొడగులో ఇలాంటి దేవర కాడులు 1,200కు పైగా ఉన్నాయి. అక్కడ చెట్లు, పక్షులు, పుట్టగొడుగులను లెక్కించిన పరిశోధకులకు ఒక విషయం తేలింది. చిన్న తోపులు, నీడ చెట్లున్న కాఫీ తోటలు, పెద్ద రక్షిత అడవి మూడూ కలిస్తేనే ఆ ప్రాంతపు జీవవైవిధ్యం నిలుస్తోంది. తోపు చిన్నదని తీసేయడానికి లేదు, తోపు ఉంది కదా అని పెద్ద అడవిని వదులుకోవడానికీ లేదు.

చిన్న తోపులకు ఒక బలహీనత ఉంది. చుట్టూ పొలాలూ రోడ్లూ వచ్చాక ఎండ, వేడిగాలి, కలుపు మొక్కలు అంచుల నుంచి లోపలికి చొరబడతాయి. దీన్ని అంచు ప్రభావం అనవచ్చు. తోపు ఎంత చిన్నదైతే దానిలో అంచు భాగం అంత ఎక్కువ, చల్లని నడిమి భాగం అంత తక్కువ. దగ్గరలో తన జాతి చెట్లు లేకపోతే పుప్పొడి కూడా బయటి నుంచి రాదు. అందువల్ల తోపు చుట్టూ కంచె వేసి, బయటి అడవిని నరికితే కాపాడినట్టు కాదు.

అలాగని ఈ కట్టుబాట్లు పెట్టిన పెద్దలు జలశాస్త్రమూ వృక్షశాస్త్రమూ లెక్కగట్టి పెట్టారని చెప్పడం అతిశయం. వాళ్లు ఆ చోట తరతరాలు బతికారు. ఏ ఊట పక్కన చెట్లు పోతే ఏమైందో చూశారు. భయం, భక్తి, కృతజ్ఞత, అనుభవం అన్నీ కలిసి కట్టుబాటుగా నిలిచాయి. దాన్ని తరం నుంచి తరానికి అందించింది పండుగ, కథ, మొక్కు. ఆ మనుషులను అక్కడి నుంచి లేపేస్తే కట్టుబాటును గుర్తుపెట్టుకునేవాళ్లు ఉండరు.

లాభం లెక్కకు అందని చోటు

నీళ్లు ఇస్తుంది గనక కొండను కాపాడాలి, గింజలు ఇస్తుంది గనక తోపును కాపాడాలి అనే వాదనకు ఒక హద్దు ఉంది. ఏ ఊటా పుట్టని, అరుదైన మొక్క ఏదీ మొలవని పవిత్ర స్థలాన్ని ఏం చెయ్యాలి?

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో జూకన్ లోయ ఉంది. పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజల పూర్వీకులు అక్కడి రాతి గుహల్లో 46 వేల ఏళ్ల కిందటే తలదాచుకున్న ఆనవాళ్లున్నాయి. జుట్టుతో అల్లిన 4 వేల ఏళ్ల నాటి పట్టీ ముక్క అక్కడ దొరికింది. దానిలోని డీఎన్ఏ ఇప్పుడు ఆ నేల మీద బతుకుతున్నవాళ్లతో సంబంధం చూపించింది. 2020 మే 24న రియో టింటో సంస్థ ఇనుప ఖనిజం కోసం ఆ గుహలను పేల్చేసింది. పేల్చడానికి దానికి చట్టబద్ధమైన అనుమతి ఉంది, 1972 నాటి రాష్ట్ర చట్టం కింద 2013లోనే తీసుకుంది. ఆ తర్వాత తవ్వకాల్లో అంత విలువైన ఆనవాళ్లు బయటపడినా, అనుమతిని మళ్లీ పరిశీలించమని అడిగే దారి ఆ ప్రజలకు అప్పటి చట్టంలో లేకపోయింది. గొడవ ముదిరాక సంస్థ ముఖ్య అధికారి పదవి వదిలారు, పార్లమెంటు విచారణ జరిపింది. గుహలు మాత్రం తిరిగి రావు.

ముప్పు ఎప్పుడూ గని రూపంలోనే రాదు. అదే దేశంలో ఉలూరు అనే మహాశిల అనంగు ప్రజలకు పవిత్రం. దాని మీదికి ఎక్కవద్దని వాళ్లు దశాబ్దాల పాటు సందర్శకులను వేడుకున్నారు. శిల పైన మరుగుదొడ్లు లేవు. మట్టీ లేదు. వేలమంది ఎక్కి వదిలిన మలినం వాన పడినప్పుడు కిందికి కొట్టుకొచ్చి, జంతువులు తాగే నీటిగుంటల్లో చేరేది. 1985 అక్టోబరు 26న ఆ నేలను అనంగులకు తిరిగి అప్పగించారు. సరిగ్గా 34 ఏళ్లకు, 2019లో అదే తేదీన, ఎక్కడాన్ని పూర్తిగా ఆపేశారు. ఆ నిర్ణయం తీసుకున్న పార్కు పాలక మండలిలో ఎక్కువమంది అనంగులే.

మేడారం చూసినవాళ్లకు ఈ సమస్య వెంటనే అర్థమవుతుంది. సమ్మక్క సారలమ్మలు కోయల దేవతలు. రెండేళ్లకోసారి జరిగే జాతరకు ఇప్పుడు కోటిమందికి పైగా వస్తున్నారు. అడవి మధ్య నాలుగు రోజులు అంత జనం ఉంటే ప్లాస్టిక్, కోళ్లూ మేకల వ్యర్థాలు, మురుగు జంపన్న వాగు పరిసరాల్లో ఎంత పేరుకుంటాయో ఊహించవచ్చు. సమ్మక్కను ఎక్కడి నుంచి గద్దె మీదికి తెస్తారో ఆ చిలకలగుట్ట మీదికి పూజారులు తప్ప ఇతరులు వెళ్లకూడదన్నది కోయల కట్టుబాటు. భక్తి ఉన్నంతమాత్రాన పరాయివాడికి ఆ గుట్ట మీద హక్కు రాదు. మొక్కుకోవడానికి వచ్చినవాళ్లు ఆ ఊరి నియమాన్ని కూడా మొక్కుబడిలో భాగంగానే పాటించాలి.

ఎవరిని అడగాలి

పవిత్ర స్థలాన్ని కాపాడే పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఈ విషయంలో మన దేశానికి దారి చూపిన మొదటి పెద్ద తీర్పు తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఆదివాసీ భూముల్లో గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వకూడదని 1997 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ప్రభుత్వ సంస్థలూ ఆదివాసుల సహకార సంఘాలూ తవ్వుకోవడానికి దారి మిగిలింది. చింతపల్లి వైపు జెర్రెల కొండల బాక్సైట్ కోసం 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది ఆ రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ పేరుతోనే. మన్యం ఆందోళనల తర్వాత 2019లో దాన్ని రద్దు చేశారు.

నియమగిరిలోనూ తవ్వాల్సింది ప్రభుత్వ సంస్థే. కేంద్రం నియమించిన ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక తర్వాత 2010 ఆగస్టులో పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న వచ్చిన తీర్పు సమత తీర్పు కన్నా ఒక అడుగు ముందుకు వేసింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సాంస్కృతిక, మతపరమైన హక్కులను కూడా కాపాడుతుందని, నియమరాజు ఆరాధనకు తవ్వకం అడ్డొస్తుందో లేదో గ్రామసభలే పరిశీలించి చెప్పాలని న్యాయస్థానం ఆదేశించింది. కొండ పవిత్రమో కాదో ఢిల్లీలో కూర్చుని తేల్చలేదు. తెలిసినవాళ్లను అడగమంది.

ఆ కొండల్లో వందకు పైగా ఊళ్లుండగా రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా, జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో, ఒక్కో ఊరూ కూర్చుని మాట్లాడింది. పన్నెండూ ముక్తకంఠంతో వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి తుది అనుమతి నిరాకరించింది. ఈలోగా దూరదేశాల్లోనూ కదలిక వచ్చింది. నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి 2007లో, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో వేదాంతలో తమ పెట్టుబడులు ఉపసంహరించుకున్నాయి.

న్యూజిలాండ్ మరో దారి పట్టింది. వాంగనుయి నదిని తమ పూర్వీకుల్లో ఒకరిగా చూసే మావోరీలు పంతొమ్మిదో శతాబ్దం నుంచి చేసిన పోరాటం 2017లో చట్టంగా ముగిసింది. కొండల నుంచి కడలి దాకా ఆ నదిని చట్టం ఒక వ్యక్తిగా గుర్తించింది. దాని తరఫున మాట్లాడేందుకు ఇద్దరు సంరక్షకులు ఉంటారు. ఒకరిని ప్రభుత్వం, ఒకరిని మావోరీలు నియమిస్తారు. నదికి హాని జరిగితే ఆ ఇద్దరూ దాని పేర కోర్టుకు వెళ్లవచ్చు.

మిగిలి ఉన్న పని

ఒక తవ్వకం ఆగినంతమాత్రాన చోటు భద్రం కాదు. ఖనిజం అక్కడే ఉంటుంది, ధర పెరిగినప్పుడల్లా కన్ను దాని మీదే పడుతుంది. నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ అడవిలోని సలేశ్వరం చెంచుల పుణ్యక్షేత్రం. శాసనసభ తీర్మానం విలువైనదే. అయినా ఆ అడవి మీద చెంచుల హక్కు చట్టప్రకారం పత్రం మీదికి ఎక్కితే అది మరింత గట్టి రక్ష.

అటవీ హక్కుల చట్టంలో దానికి వీలుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలుగా (పీవీటీజీలు) గుర్తించిన ఆదిమ తెగలకు ఆవాస హక్కు దక్కుతుంది. ఇల్లు, పొలం మాత్రమే కాకుండా తిరిగే అడవి, తేనె తీసే చోటు, దేవుడి గుట్ట, పూర్వీకుల స్థలం కూడా అందులోకి వస్తాయి. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలకు ఇది ముందుగా దక్కింది. చెంచులు, కొండరెడ్లు, కొలాములు కూడా ఈ జాబితాలోని తెగలే.

హక్కును రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని చోట్ల వివరాలు ఆ వంశం పెద్దలకే తెలియాలి. వాటిని పటం మీద చుక్క పెట్టి అందరికీ చూపిస్తే నిధుల వేటగాళ్లకూ సెల్ఫీల గుంపులకూ దారి చెప్పినట్టే. అందుకే ఎంత చెప్పాలో, ఎంత దాచుకోవాలో గ్రామసభే నిర్ణయించాలి. సర్వే బృందం వచ్చేముందు ఊరి అనుమతి తీసుకోవాలి, ఊరి భాషలో మాట్లాడాలి, రాసిన కాగితం నకలును ఊరికే ఇవ్వాలి. అటవీశాఖ పటాల్లో ఆ ప్రాంతం హద్దు మాత్రం పడితే, లోపల ఏ రాయి ఏ దేవుడో రాయకపోయినా చట్టం పనిచేస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు, అటవీశాఖలు, చెంచు, కొండరెడ్డి, కొలాం గ్రామసభలు కలిసి కూర్చుంటే కొత్త చట్టం ఏదీ రాకుండానే ఈ పని మొదలుపెట్టవచ్చు.